వాగును తవ్వేస్తే నీళ్ళను ఎవరు కడుగుతారు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పంపినప్పుడు, అందరూ రాసేదే రాద్దామనుకున్నాం. కష్టపడి చదవండి, సెల్‌ఫోన్ పక్కన పెట్టండి, తల్లిదండ్రుల పేరు నిలబెట్టండి అని. కానీ ఆ మాటలు మీకు రోజూ చెప్పేవాళ్ళున్నారు. అందుకే ఎమ్మెస్సీలో మేము చదువుకున్న విషయాల్లో మన ఊళ్ళకు బాగా దగ్గరగా ఉన్నదొకటి రాస్తున్నాం. అది వాగు గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వాగు నీళ్ళ కింద ఉండే ఇసుక గురించి, ఒండ్రు గురించి. ఇక్కడ "మేము" అంటే ఈ హాస్టల్ నుంచి వెళ్ళి, ఇరవై మూడేళ్ళ వయసుకు మా ఇళ్ళల్లో మొట్టమొదటి డిగ్రీ పట్టా తెచ్చినవాళ్ళం. వాగు దగ్గర పెరిగినవాళ్ళం.

మాకు వాగుతో పరిచయం చెలమతో మొదలైంది. మా నాయనమ్మలు చెప్పేవారు. ఊరి బావి దగ్గర మనవాళ్ళకు చోటు లేని రోజుల్లో వాడ మొత్తానికి దాహం తీర్చింది వాగే. ఎండాకాలం పైన చుక్క నీరు కనబడకపోయినా, మోకాలి లోతు ఇసుక తోడితే అడుగున ఊట వచ్చేది. మొదట ఊరిన బురద నీళ్ళు తోడి పారబోసి, కాసేపు ఆగితే తేటనీరు. కొబ్బరి చిప్పతో ముంచి, కుండలో పోసుకుని నెత్తిన పెట్టుకుని వచ్చేవారు.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ చౌదార్ చెరువు నీళ్ళు తాగి, నీటి మీద మనకున్న హక్కును లోకానికి చాటారు. ఆ హక్కు మన ఊళ్ళ దాకా నడిచి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా మనల్ని కులం అడగకుండా నీళ్ళిచ్చింది వాగు ఇసుకే. ఆ మాట మనం మర్చిపోకూడదు.

తేటగా ఉన్నంత మాత్రాన మంచినీరు కాదు

ఇప్పుడు చెలమలు లేవు. వాడలోనే బోరుంది. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌కు ఎవరి ఊరి నీళ్ళు వాళ్ళు సీసాల్లో తెమ్మన్నారు. మా వాడ బోరు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. రుచి కూడా బాగానే ఉంటుంది. పరీక్ష చేస్తే నైట్రేట్ పరిమితికి మించి తేలింది. ఏదో పొరపాటు జరిగిందని మళ్ళీ చేశాం. మళ్ళీ అంతే. చిన్నప్పటి నుంచి మేము తాగిన నీళ్ళవి. ఇప్పటికీ మా అక్కవాళ్ళ పసిబిడ్డకు పాలపొడి కలిపే నీళ్ళు కూడా అవే.

తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. కాచితే పోదు. పైగా నీరు ఆవిరై మిగిలినది ఇంకా చిక్కబడుతుంది. పెద్దవాళ్ళకు వెంటనే ఏమీ తెలియదు. నెలల పిల్లలకే మొదటి ప్రమాదం. వాళ్ళ కడుపులో నైట్రేట్ నైట్రైట్‌గా మారి రక్తంలో చేరితే, రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. పెదవులు, గోళ్ళు నీలంగా మారతాయి. 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హంటర్ కామ్లీ అనే డాక్టరు, ఇలా నీలంగా మారిన పసిపిల్లలకు బావి నీళ్ళతో పాలు కలిపారని గమనించి, కారణం ఆ నీళ్ళలోని నైట్రేటేనని రాశాడు. అప్పటి నుంచి ఈ జబ్బును లోకం "బ్లూ బేబీ" అంటోంది.

ఇది మా ఒక్క వాడ సంగతి కాదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం దేశంలో పరీక్షించిన భూగర్భ జలాల నమూనాల్లో సుమారు ఐదింట ఒక వంతులో నైట్రేట్ పరిమితి దాటింది. అలాంటి నీరు బయటపడిన జిల్లాలు 440. మన రెండు తెలుగు రాష్ట్రాల వాటా దేశపు సగటు కంటే ఎక్కువే.

ఎక్కడి నుంచి వస్తోంది ఇదంతా? మరుగుదొడ్ల గుంతల నుంచి, పేడ దిబ్బల నుంచి, మురుగు కాలువల నుంచి, అన్నిటికంటే ముఖ్యంగా యూరియా నుంచి. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. 45 కిలోల బస్తాలో దాదాపు 20 కిలోల 700 గ్రాములు. చల్లిన నత్రజనిలో సుమారు సగమే పైరుకు అందుతుంది. మిగిలినది కొంత గాలిలోకి పోతుంది, కొంత నీటితో పాటు నేలలోకి దిగుతుంది, వాగులోకి పారుతుంది. మేము కాగితం మీద ఒక లెక్క వేసుకున్నాం. ఒక్క బస్తాలోని నత్రజని మొత్తం నైట్రేట్ అయి నీళ్ళలో కలిసిందనుకుంటే, 20 లక్షల లీటర్ల మంచినీరు పరిమితి అంచుకు చేరుతుంది. మొత్తం కలవదు, నిజమే. కానీ ఊళ్ళో ఒక పంటకు ఎన్ని బస్తాలు దిగుతాయో మీరే చూస్తున్నారు.

మరి ఇన్నేళ్ళుగా ఇంత యూరియా చల్లుతుంటే నీళ్ళన్నీ ఎప్పుడో విషమైపోవాలి కదా? ఎందుకు కాలేదు? ఈ ప్రశ్నకు జవాబుల్లో పెద్దది వాగు అడుగున ఉంది.

ఇసుక కింద నడిచే పని

వాగు నీరు పైన కనబడేంత వరకే పారదు. కొంత నీరు ఇసుకలోకి దిగి, గులకరాళ్ళ సందుల్లోంచి నెమ్మదిగా నడిచి, కొంత దూరం పోయాక మళ్ళీ పైకి వస్తుంది. పొలాల కింది భూగర్భ జలం కూడా ఈ అడుగులోంచే ఊరి వాగులోకి చేరుతుంది. పై నీరు, కింది నీరు కలిసే ఈ పొరకు 1959లో ట్రయాన్ ఒర్గిడాన్ అనే రుమేనియా శాస్త్రవేత్త ఒక పేరు పెట్టాడు. శాస్త్రంలో దాన్ని హైపోరియిక్ జోన్ అంటారు. గ్రీకులో "ప్రవాహం కింద" అని అర్థం.

ఈ పొరలో కంటికి కనబడని బాక్టీరియా కోట్ల కొద్దీ ఉంటుంది. పైపొరలో ప్రాణవాయువు ఉన్నంతవరకు అది మనలాగే దానితోనే ఊపిరి తీసుకుంటుంది. కిందికి పోయేకొద్దీ ప్రాణవాయువు అయిపోతుంది. అక్కడ కొన్ని రకాల బాక్టీరియా ఊరుకోదు. ప్రాణవాయువుకు బదులు నైట్రేట్‌తో ఊపిరి తీసుకుంటుంది. దానికి తిండి కావాలి. ఆ తిండి కుళ్ళిన ఆకులు, వేళ్ళు, నాచు, ఒండ్రులో కలిసిన చెత్త. అలా నైట్రేట్ అంచెలంచెలుగా విడిపోయి చివరికి మామూలు నత్రజని వాయువై, బుడగలై గాలిలోకి పోతుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం ఉన్నది అదే. దానివల్ల ఎవరికీ హాని లేదు.

1913లో జర్మనీలోని ఓప్పావులో మొదలైన ఎరువుల కర్మాగారం గాలిలోంచి నత్రజనిని లాగి ఎరువుగా మార్చడం ప్రపంచానికి నేర్పింది. దానికి బొగ్గు కావాలి, పెద్ద యంత్రాలు కావాలి. ఆ నత్రజనిని తిరిగి గాలికి అప్పజెప్పే పని వాగు అడుగున ఏ యంత్రం లేకుండా జరుగుతోంది. ఈ పనిని డీనైట్రిఫికేషన్ అంటారు. 1880లలో గయోన్, డ్యుపెటి అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించి పేరు పెట్టారు.

ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. ఇసుక అంతా ఈ పని చేయదు. పైనున్న గరుకు ఇసుకలో నీరు గబగబా పోతుంది, గాలి ఆడుతుంది. అక్కడ నీరు తేటపడుతుంది గానీ నైట్రేట్ పోదు. ఒక్కోసారి మురుగులోని అమ్మోనియా అక్కడే నైట్రేట్‌గా మారుతుంది కూడా. అసలు పని కింద జరుగుతుంది. సన్న ఇసుక, ఒండ్రు, ఆకుల కుళ్ళు కలిసి నల్లగా ఉన్న చోట, నీరు నెమ్మదిగా, గంటల తరబడి, రోజుల తరబడి నడిచే చోట. అంటే మనం "బురద, పనికిరాని మట్టి" అని తీసి పారేసే పొరే నీళ్ళను కడుగుతోంది.

72 వాగులు చెప్పిన సాక్ష్యం

ఇది పుస్తకాల ఊహ కాదు. అమెరికాలో ప్యాట్రిక్ మల్‌హాలండ్, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఎనిమిది ప్రాంతాల్లో 72 చిన్న వాగులను ఎంచుకున్నారు. కొన్ని అడవిలోవి, కొన్ని పొలాల మధ్యవి, కొన్ని పట్టణాల్లోవి. నైట్రోజన్-15 అనే కాస్త బరువైన నత్రజనితో చేసిన నైట్రేట్‌ను ఒక్కో వాగులో ఒక రోజు పాటు వదిలి, అది దిగువన ఎంత మిగిలింది, ఎంత వాయువుగా మారిందో కొలిచారు. బరువులో తేడా ఉంటుంది కాబట్టి తాము వదిలినది ఏదో, వాగులో ముందే ఉన్నది ఏదో గుర్తుపట్టొచ్చు. మార్కెట్లో మన గొర్రెకు రంగు పూసి వదిలినట్టన్నమాట. ఫలితాలు 2008లో "నేచర్" పత్రికలో వచ్చాయి.

తేలినవి రెండు. మొదటిది, వాగులు నిజంగానే నైట్రేట్‌ను తీసేస్తున్నాయి. నాచు, బాక్టీరియా కొంత ఒంట పట్టించుకుంటే, కొంత వాయువై శాశ్వతంగా పోతోంది. రెండోది ముఖ్యమైనది. నీళ్ళలో నైట్రేట్ పెరిగేకొద్దీ వాగు తీసేసే మొత్తం పెరుగుతుంది గానీ, వచ్చినదాంట్లో తీసేసే వంతు తగ్గిపోతుంది. పది బస్తాలు మోయగలిగిన మనిషి మీద యాభై బస్తాలు పడేస్తే ఏమవుతుందో అదే అవుతుంది. మిగిలినదంతా దిగువకు పోతుంది.

దిగువకు పోతే ఏమవుతుందో కూడా అమెరికాయే చూపించింది. మిసిసిపీ నది మోసుకొచ్చే ఎరువుల వల్ల మెక్సికో సింధుశాఖలో ఏటా ఎండాకాలం ప్రాణవాయువు లేని ప్రాంతం ఏర్పడుతుంది. చేపలు పారిపోతాయి, పారిపోలేనివి చస్తాయి. 2017లో అది సుమారు 22,700 చదరపు కిలోమీటర్లకు చేరింది. ఆ నదీ వ్యవస్థ మీదే 2000లో వచ్చిన ఒక పరిశోధన, పెద్ద నది కంటే చిన్న వాగుల్లోనే నత్రజని ఎక్కువ వంతు పోతుందని చెప్పింది. కారణం తేలికే. చిన్న వాగులో లోతు తక్కువ, నీరు అడుగును ఎక్కువగా తాకుతుంది. అంటే కృష్ణమ్మను, గోదారమ్మను కాపాడాలంటే మొదలుపెట్టాల్సింది మన ఊరి వాగు దగ్గర.

మా చేతులతోనే

ఇప్పుడు కష్టమైన మాట. మా నాన్నలు ఇసుక ట్రాక్టర్లకు లోడెత్తారు. తెల్లవారుజామున పార పట్టుకుని పోయి, చేతులు పగిలి వచ్చేవారు. ఆ కూలి డబ్బులతోనే మాకు ట్రంకు పెట్టె కొన్నారు, ఇంటర్ ఫీజు కట్టారు. వాగు అడుగును తవ్విన కూలితో చదువుకుని, వాగు అడుగును తవ్వొద్దని రాస్తున్నాం. ఇది రాయడానికి మాకు చాలాసేపు చెయ్యి ఆడలేదు.

కానీ ఒకటి గమనించండి. మా నాన్నలు పారతో ఎత్తినప్పుడు వాగు మళ్ళీ వరదకు నిండేది. తర్వాత పొక్లెయిన్లు వచ్చాయి. పారలకు పనిపోయింది. ఇసుక అయిపోయి, అడుగున ఒండ్రు అయిపోయి, కొన్నిచోట్ల రాయి తేలింది. గుంతల్లో పిల్లలు మునిగిపోయారు. కూలి పోయింది, వాగూ పోయింది. లాభం ఎవరింటికి పోయిందో ఊళ్ళో అందరికీ తెలుసు.

ఇసుక తవ్వితే భూగర్భ జలం పడిపోతుందని అందరూ అంటారు. అది నిజం. కానీ పోయేది నీటి మట్టం ఒక్కటే కాదు. నీళ్ళను కడిగే పొర కూడా పోతుంది. రాతి మీద పారే నీరు ఆగదు, దిగదు, బాక్టీరియాకు దొరకదు. వాగు లోతుగా కోసుకుపోతే పక్క నేల ఎండి, గట్టు మీది చెట్లు పోయి, ఆకు రాలడం ఆగి, ఆ బాక్టీరియాకు తిండి కూడా ఉండదు. వాగును బాగుచేస్తామని అడుగున సిమెంటు పోసినా జరిగేది ఇదే.

"ఇళ్ళు కట్టుకోవద్దా?" అని అడుగుతారు. కట్టుకోవాలి. మన వాడల్లో పక్కా ఇల్లు ఇప్పటికీ కలగానే మిగిలినవాళ్ళున్నారు. మేము అడిగేది ఇసుక ముట్టొద్దని కాదు. వరద తెచ్చినంతే తీయమని, అడుగు పొర వదలమని, ఊరి అవసరానికి పారతో తీయమని. పెద్ద కట్టడాలకు రోబో శాండ్ ఉంది. చట్టాలు కూడా ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వాల్టా చట్టం వచ్చింది. 2012లో సుప్రీంకోర్టు చిన్న ఇసుక లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పదని చెప్పింది. 2016లో కేంద్రం ఇసుక తవ్వకాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం ఉంది, అడిగేవాళ్ళు లేరు.

"ఆర్వో ప్లాంటు ఉందిగా" అనేవాళ్ళూ ఉన్నారు. ఆర్వో నైట్రేట్‌ను తీస్తుంది, కాదనం. కానీ అది తీసిన నైట్రేట్ ఎక్కడికి పోతుంది? వదిలేసిన నీళ్ళలో ఇంకా చిక్కగా చేరి మళ్ళీ కాలువలోకే పోతుంది. పైగా 20 లీటర్ల క్యాన్ రోజూ కొనేవాడికి మంచినీరు, కొనలేనివాడికి బోరు నీరు. ఒకప్పుడు బావి దగ్గర కులం అడిగారు. ఇప్పుడు ప్లాంటు దగ్గర డబ్బులు అడుగుతున్నారు. వాగు ఏదీ అడగలేదు.

శుభ్రం చేసేవాడున్నాడని

కొందరు మా మిత్రులు ఇంకో వాదన చేస్తారు. వాగు ఎలాగూ నైట్రేట్‌ను తీసేస్తుంది కదా, అయితే యూరియా గురించి, మురుగు గురించి దిగులెందుకు అని. ఈ మాట వింటే మాకు మన జీవితాలే గుర్తొస్తాయి. శుభ్రం చేసేవాడు ఒకడున్నాడని తెలిస్తే ఊరు ఇంకా మురికి చేస్తుంది. వాడి పేరు తెలుసుకోదు, వాడి బలం ఎంతో అడగదు. తరతరాలుగా మన పెద్దలతో ఊరు చేసింది ఇదే. ఆ 72 వాగులు చెప్పినది కూడా ఇదే. మోయగలిగినంతే మోస్తాయి, దాటితే చేతులెత్తేస్తాయి. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ పనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు బలమైనది. 2011లో వచ్చిన పరిశోధన ప్రకారం వాగుల్లో వాయువుగా మారే నత్రజనిలో అది నూటికి ఒక వంతు కూడా లేదు. కానీ వాగులోకి పోసే నత్రజని పెరిగితే అదీ పెరుగుతుంది. కాబట్టి వాగును కాపాడటం, వాగు మీద బరువు తగ్గించడం, రెండూ కలిసి జరగాలి.

మనం చేయగలిగినవి

పెద్ద మాటలు చెప్పి ఆగిపోతే సంచికలో పేజీ నిండుతుంది, అంతే. అందుకే నాలుగు పనులు.

ఒకటి, మన హాస్టల్ బోరు నీటిని ఏటా పరీక్ష చేయించి, ఆ కాగితం నోటీసు బోర్డు మీద అంటించమని వార్డెన్ గారిని అడుగుదాం. గౌరవంగా, రాతపూర్వకంగా అడుగుదాం.

రెండు, సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు వాడ బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊళ్ళకు ఇచ్చిన నీటి పరీక్ష కిట్లలో నైట్రేట్ పరీక్ష కూడా ఉంటుంది. కిట్ ఎక్కడుందో పంచాయతీలో అడగండి. పరిమితి దాటిందని తేలితే, నెలల పిల్లలున్న ఇళ్ళకు ముందు చెప్పండి.

మూడు, మన ఇళ్ళల్లో కౌలు చేసేవాళ్ళున్నారు. యూరియా ఒకేసారి చల్లకుండా రెండు మూడు దఫాలుగా, పైరుకు అవసరమైనప్పుడే వేస్తే డబ్బు మిగులుతుంది, నీరూ మిగులుతుంది. డిగ్రీ చదివిన కొడుకు చెబితే నాన్న మొదట నవ్వుతాడు. తర్వాత వింటాడు. మా అనుభవం అది.

నాలుగు, గ్రామసభలో వాగు మాట ఎత్తండి. ఎంత లోతు తవ్వడానికి అనుమతి ఉంది, ఎంత తవ్వారు, ఈ రెండు ప్రశ్నలు చాలు. ఒక్కరు అడిగితే బెదిరిస్తారు. అందుకే పదిమంది కలిసి అడగండి. బోధించు, సమీకరించు, పోరాడు అని బాబాసాహెబ్ చెప్పిన వరుసలో మొదటిది మనం హాస్టల్లో ఉండగానే మొదలవుతుంది.

చివరగా ఒక చిన్న పని. ఎండాకాలం వాగు ఎండినప్పుడు, గుంతలు లేని చోట చూసుకుని, చేత్తో మోచేయి లోతు ఇసుక తోడి చూడండి. పైన పసుపు ఇసుక ఉంటుంది. కింద కాస్త నల్లటి మట్టి తగలొచ్చు, కుళ్ళిన ఆకుల వాసన రావచ్చు. ముక్కు మూసుకోకండి. అక్కడ గాలి అందడం లేదని దానర్థం. మన నాయనమ్మల కుండ నింపిన వాగు, మన యూరియాను ఇంకా కడుగుతున్న వాగు, అక్కడ పని చేస్తోంది. ఆ మట్టిని మళ్ళీ జాగ్రత్తగా కప్పి రండి.

జై భీమ్.